కటువైన బాస్‌తో మాట్లాడే ముందు జాగ్రత్తలు

☐ జరిగింది తేదీతో సహా రాసుకోండి. "ఎప్పుడూ అరుస్తారు" అంటే వాదన మొదలవుతుంది. "మంగళవారం మీటింగ్‌లో అందరి ముందు నా రిపోర్టు విసిరేశారు" అంటే కాదనడం కష్టం. ఎదురుగా ఎవరున్నారో కూడా రాయండి. ఈ నోట్సు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, దాన్ని కంపెనీ చూడగలదు. అలాగని ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకోకండి; చాలా కంపెనీల్లో అదే మీమీద చర్యకు కారణమవుతుంది.

☐ అడగాల్సింది ఒక్కటే ఎంచుకోండి. పాత లెక్కలన్నీ ఒకేసారి తీస్తే అసలు విషయం పక్కకి పోతుంది.

☐ ముందే పదిహేను నిమిషాల టైమ్ అడగండి. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న రోజు వద్దు.

☐ కోపంలో చాట్ చేయొద్దు.

☐ మాట్లాడాక అదే రోజు చిన్న మెయిల్ పెట్టండి: "ఈరోజు అనుకున్నట్టు ఈ పని శుక్రవారానికి ఇస్తాను." నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రేపు మాట మారిస్తే మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.

☐ బెదిరింపులు, లైంగిక వేధింపులు ఉంటే మాత్రం ఒంటరిగా వెళ్లి మాట్లాడకండి. నేరుగా హెచ్ఆర్‌కి లేదా ఫిర్యాదుల కమిటీకి రాసి ఇవ్వండి, కాపీ దాచుకోండి.