రిటైర్మెంట్ ముంగిట హోమ్ లోన్ – 3వ పాఠం: ఆ రోజుకి బాకీ ఎంత?

పోయిన పాఠంలో రిటైరయ్యాక నెలనెలా చేతికొచ్చేది ఎంతో రాసుకున్నారు కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. లోన్ వేరే బ్యాంకుకి మార్చాలా వద్దా అన్న లెక్క ఇవాళ చేద్దాం.

మార్చుకోమని ఫోన్ చేసేవాళ్లు రెండే అంకెలు చెబుతారు: వడ్డీ రేటు, ఈఎంఐ. మనకి మూడోది కూడా కావాలి. జీతం ఆగిపోయే రోజుకి బాకీ ఇంకా ఎంత మిగులుతుంది? నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

బాకీ 20 లక్షలు, గడువు ఇంకా 10 ఏళ్లు, వడ్డీ 9.5 శాతం అనుకుందాం. ఈఎంఐ సుమారు 25,880 అవుతుంది. ఉద్యోగం ఇంకా నాలుగేళ్లే ఉంది.

20 లక్షల మీద 9.5 శాతం కట్టి 12తో భాగిస్తే 15,833. అది మొదటి నెల వడ్డీ. ఈఎంఐలోంచి అది పోగా అసలుకి జమయ్యేది 10,047, మిగిలిన బాకీ 19,89,953. రెండో నెల వడ్డీ ఈ కొత్త బాకీ మీద, అంటే 15,754. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి రెండు వరసలు అంకెలుగా కాకుండా ఫార్ములాలుగా రాసి, 48వ నెల దాకా కిందికి లాగండి. చివరి వరసలో దాదాపు 14.16 లక్షలు కనిపిస్తుంది. పన్నెండు లక్షల పైచిలుకు కట్టినా బాకీ ఆరు లక్షలు కూడా తగ్గలేదు! ఇక్కడ టెన్షన్ పడనివాళ్లు తక్కువ.

ఇప్పుడు 8.5 శాతానికి ఇస్తామని ఇంకో బ్యాంకు వచ్చింది. అదే 10 ఏళ్ల గడువుకి తీసుకుంటే ఈఎంఐ 24,797, నాలుగేళ్ల తర్వాత బాకీ 13.95 లక్షలు. మేలే గానీ పెద్ద మేలేమీ కాదు. అదే 20 ఏళ్లకి సాగదీస్తే ఈఎంఐ 17,356కి దిగుతుంది. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ రిటైరయ్యే రోజుకి 18.18 లక్షలు మిగిలే ఉంటాయి. చివరిదాకా కట్టే వడ్డీ పాత లోన్‌లో 11 లక్షలైతే ఇందులో 21 లక్షలు దాటుతుంది. రేటు తగ్గింది, వడ్డీ దాదాపు రెట్టింపయింది.

మార్చడానికయ్యే ఖర్చు కూడా చూడాలి. ప్రాసెసింగ్ ఫీజు, ఇంటి విలువ కట్టించడం, లాయర్ ఫీజు, పాత లోన్ మూసేందుకు ఏమైనా చార్జీ ఉంటే అదీ. అన్నీ కలిపి 26,000 అనుకోండి. 10 ఏళ్ల లోన్‌లో నెలకి మిగిలేది 1,083 కాబట్టి ఖర్చు రాబట్టుకోవడానికి రెండేళ్లు పడుతుంది. 20 ఏళ్ల లోన్‌కి ఇదే భాగహారం చేస్తే నాలుగు నెలల్లోపే వచ్చేసినట్టు కనిపిస్తుంది, నమ్మకండి. అక్కడ మిగిలేదాంట్లో చాలా భాగం ఆదా కాదు, వాయిదా వేసిన అసలు. గడువు ఒకటే అయినప్పుడే ఈ భాగహారం చెల్లుతుంది.

మారాలనే ఉంటే, 8.5 శాతానికి మారి కూడా పాత 25,880నే కడుతూ ఉండండి. నాలుగేళ్లకి బాకీ 13.33 లక్షలకి దిగుతుంది, లోన్ ఏడు నెలలు ముందే తీరుతుంది. ఎక్కువ కట్టినదానికి పెనాల్టీ లేదని మాత్రం ముందే రాతపూర్వకంగా తీసుకోండి. రేటు ఫ్లోటింగ్ అయితే, అంటే మధ్యలో పెరిగే తగ్గే రకమైతే, ఈ అంకెలన్నీ మారతాయి. ఒక శాతం పెంచి కూడా ఓసారి లెక్క వేయండి.

పొడవు గడువు ఎప్పుడూ తప్పే అనను. పెన్షన్‌లోంచి 25,880 కట్టడం అసాధ్యమైతే, చిన్న ఈఎంఐ ఊపిరి పోస్తుంది. పైగా జీతం ఆగాక కొత్త లోన్ పుట్టడం కష్టం, బ్యాంకు వయసూ ఆదాయమూ రెండూ చూస్తుంది. ఆ అవసరం ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండగానే అడగాలి.

అన్నట్టు, కొత్త బ్యాంకు గడప తొక్కేముందు పాత బ్యాంకుకే వెళ్లి రేటు తగ్గిస్తారేమో అడగండి. వేరేచోట ఇస్తామన్న రేటు కాగితం చేతిలో ఉంటే మాట చెల్లుతుంది.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీ పాత లోన్‌కి ఒకటి, వచ్చిన ఆఫర్‌కి ఒకటి, రెండు షీట్లు రిటైరయ్యే నెల దాకా నింపండి. రిటైర్మెంట్ డబ్బులోంచి ఆ బాకీని ఒక్కసారే తీర్చేయాలా, కొంత చేతిలో ఉంచుకోవాలా అన్నది ఆ అంకెలతోనే చూద్దాం.