పని వారంలో రోయింగ్ ఛాలెంజ్: ఏ ఈవెంట్ ఏ రోజు పెట్టుకోవాలి?

జిమ్‌లో నలుగురు కలిసి రోయింగ్ మెషీన్ (కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగేది) మీద ఛాలెంజ్ అనుకోగానే వాట్సాప్ గ్రూపు పెడతారు, ఈవెంట్లు రాసుకుంటారు, సోమవారం నుంచి మొదలు అంటారు. ఏ ఈవెంట్ ఏ రోజన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు. సోమవారం 5,000 మీటర్లు లాగేస్తారు. మంగళవారం అలసిన కాళ్ళతోనే 2,000కి కూర్చుంటారు. బుధవారానికి నడుము పట్టేస్తుంది, గురువారం ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ పడుతుంది, శుక్రవారానికి గ్రూపులో మెసేజ్ ఉండదు. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఇలా సగంలో ఆగిపోయినవి చాలా చూశాను. బలం చాలక మానేసినవాళ్ళు వాళ్ళలో తక్కువ. తమ వారం ఎలా ఉందో చూసుకోకుండా దిగినవాళ్ళే ఎక్కువ.

ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు, చుట్టాల పెళ్ళిళ్ళు అన్నీ ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఐదు ఈవెంట్లు, ఏడు రోజులు, ఒకటే మెషీన్. బీపీ, గుండె, డిస్కు సమస్య ఏదున్నా ముందు డాక్టరుకి చూపించుకోండి. రోయింగ్ కొత్తవాళ్ళు కనీసం నెల రోజులు మామూలుగా లాగి, ఆ తర్వాతే ఛాలెంజ్‌కి రండి.

మెషీన్

ఫ్యాన్ ఉన్న మెషీన్ కావాలి. కాన్సెప్ట్2 రోయర్, దానికి పీఎమ్5 మానిటర్ ఉంటే చాలు. అయస్కాంతంతో నడిచే మెషీన్ల మీద వ్యాయామం బాగానే అవుతుంది కానీ ఒకదాని అంకెలు ఇంకోదానితో కలవవు, పోటీకి పనికిరావు. పీఎమ్5కి కరెంటు అక్కర్లేదు, రెండు పెద్ద బ్యాటరీలతో నడుస్తుంది. తెల్లారగట్ల కరెంటు పోయినా పోటీ ఆగదు.

ఫ్యాన్ గూటికున్న మీటని డ్యాంపర్ అంటారు, దాన్ని 4 మీద పెట్టండి. 10 మీద పెట్టి లాగేవాళ్ళని రోజూ చూస్తుంటాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు, ఊసవానిపేటలో బరువులెత్తి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన ప్రాంతం వాళ్ళు. బరువంటే మనకి ఇష్టం ఉండటం సహజమే. కానీ డ్యాంపర్ బరువు కాదు, ఫ్యాన్ గూట్లోకి ఎంత గాలి వెళ్ళాలో చెప్పే మూత. గాలి ఎక్కువ వెళితే చక్రం తొందరగా నెమ్మదిస్తుంది, ప్రతి లాగుకీ దాన్ని మళ్ళీ లేపాలి. మానిటర్ లెక్కేసేది మీరు పెట్టిన శక్తినే తప్ప డ్యాంపర్ అంకెని కాదు.

అసలు చూడాల్సింది డ్రాగ్ ఫ్యాక్టర్, అంటే చక్రాన్ని గాలి ఎంత ఆపుతోందో చెప్పే అంకె. మానిటర్‌లో 'మోర్ ఆప్షన్స్'లోకి వెళ్ళి 'డిస్‌ప్లే డ్రాగ్ ఫ్యాక్టర్' నొక్కి నాలుగైదు సార్లు లాగితే అంకె కనిపిస్తుంది. మగవాళ్ళకి 120, ఆడవాళ్ళకి 110. అక్కడ పెట్టుకుని ఇక ముట్టుకోకండి. మన జిమ్‌లలో మెషీన్ తలుపు పక్కనో రోడ్డు వైపు కిటికీ కిందో ఉంటుంది. ఫ్యాన్ చుట్టూ ఉన్న చిల్లుల రేకు మీద వేలితో గీసి చూడండి, టవళ్ళ నూలూ రోడ్డు దుమ్మూ కలిసి బూడిద రంగు పొర ఊడి వస్తుంది. ఆ పొర గాలిని ఆపేస్తుంది, డ్యాంపర్ 4 మీద ఉన్నా డ్రాగ్ వందలోపే చూపిస్తుంది. ఛాలెంజ్ ముందు రోజు జిమ్ వాళ్ళని అడిగి వాక్యూమ్ పెట్టించండి.

ఈవెంట్లు, అంచనా

1 నిమిషం, 500 మీటర్లు, 2,000 మీటర్లు, 5,000 మీటర్లు, 30 నిమిషాలు. ఇవి ఐదూ చాలు. హాఫ్ మారథాన్ కూడా పెడదామని ఎవరో ఒకరు అంటారు. 21,097 మీటర్లు పని వారంలో పెట్టుకునే ఈవెంట్ కాదు, ఒప్పుకోకండి.

ప్రతి ఈవెంట్‌కీ ముందుగా స్ప్లిట్ రాసుకోవాలి. స్ప్లిట్ అంటే 500 మీటర్లకి పట్టే సమయం. దూరం రెట్టింపైతే స్ప్లిట్ 5 సెకన్లు పెరుగుతుందని రోయర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. 2,000 మీటర్లు 9 నిమిషాల్లో లాగే మనిషి స్ప్లిట్ 2:15. ఆ లెక్కన 500కి 2:05, 5,000కి 2:21 నుంచి 2:22, అంటే మొత్తం 23 నిమిషాల 36 సెకన్ల దగ్గర. 30 నిమిషాల్లో సుమారు 6,280 మీటర్లు. మీ 2,000 సమయం తెలిస్తే మిగతావన్నీ ఇలాగే వస్తాయి.

ఏ రోజు ఏది

అందరూ తొందరపడి తప్పు చేసేది ఇక్కడే. ఒక కాగితం మీద ఏడు గళ్ళు గీయండి, ఆదివారం నుంచి శనివారం దాకా. ఫోన్లో వద్దు, కాగితమే. అందులో అప్పుడే రోయింగ్ రాయకండి. ముందు మీ వారం రాయండి.

కలెక్టరేట్‌కి సంబంధించిన ఉద్యోగమైతే సోమవారం గ్రీవెన్స్, ఆ రోజు ఎన్నింటికి ఇంటికొస్తారో మీకే తెలియదు. విజయనగరం నుంచి విశాఖకి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాళ్ళకి పని రోజుల్లో తెల్లవారుజాము అన్నదే ఉండదు. నైట్ డ్యూటీలుంటే అవి రాయండి. పిల్లల పరీక్షలుంటే రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వారంలో పెళ్ళి ఉందేమో చూడండి. రాత్రి రెండు గంటల ముహూర్తానికి వెళ్ళొచ్చిన మనిషి మర్నాడు ఏ ఈవెంటూ చేయకూడదు, ఆ మర్నాడు 2,000 అసలే చేయకూడదు. అందుకే ఆషాఢం పెట్టుకోమంటాను. ముహూర్తాలుండవు, ఎండ కూడా కాస్త తగ్గుతుంది. విజయనగరం వాళ్ళు సిరిమానోత్సవం వారం వదిలేయండి, ఇంటినిండా చుట్టాలుంటారు. అరసవల్లి చుట్టుపక్కల వాళ్ళు రథసప్తమి వారం వదిలేయండి.

ఇప్పుడు ఆ గళ్ళలో మొట్టమొదట 2,000 రాయాలి. పొట్టిది ముందు, పొడుగుది తర్వాత అని వరసగా రాసుకుంటూ పోతే వారం చెడుతుంది. ఐదింటిలో ఒంటి మీద ఎక్కువ భారం వేసేది 2,000 మీటర్లే. ఎనిమిది తొమ్మిది నిమిషాల పాటు గుండె దాదాపు కొట్టుకోగలిగినంత వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది, తొడల్లో ఆ బరువు రెండో రోజు కూడా తెలుస్తుంది. కాబట్టి వారంలో మీకున్న మంచి ఉదయం దానికే ఇవ్వాలి. మంచి ఉదయం అంటే సెలవు రోజని కాదు. దానికి ముందు రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోయిన ఉదయం. రెండు రాత్రులని ఎందుకంటున్నానంటే, ఈవెంట్ ముందు రాత్రి టెన్షన్‌తో చాలామందికి నిద్ర పట్టదు. దాని ముందు రాత్రి నిద్రే మిమ్మల్ని కాపాడేది.

ఎక్కువమందికి అది ఆదివారం ఉదయం అవుతుంది, మాంసం కూర తినకముందు. శనివారం కాళ్ళ వ్యాయామం వద్దు.

2,000 తర్వాతి రోజు ఏ ఈవెంటూ పెట్టకండి. సోమవారం ఎలాగూ పని ఒత్తిడి ఉంటుంది, వదిలేయండి. మంగళవారం ఇరవై నిమిషాలు, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా లాగండి. ఇది పోటీ కాదు, కాళ్ళు వదులు కావడానికి. బుధవారం 5,000. గురువారం ఖాళీ. శుక్రవారం 1 నిమిషం, 500 రెండూ. ముందు నిమిషం, అరగంట విరామం, తర్వాత 500. ఒకేరోజు రెండు పెట్టుకోవడానికి వీలున్నవి ఇవి రెండే, ఎందుకంటే రెండూ పొట్టివి. శనివారం 30 నిమిషాలు.

5,000, 30 నిమిషాలు దగ్గర దగ్గర ఒకే రకం కష్టం. వాటిని పక్కపక్క రోజుల్లో పెడితే రెండోది నిన్నటి అలసటతోనే లాగాలి, మధ్యలో కనీసం ఒక రోజు ఉండాలి. అందుకే ఒకటి బుధవారం, ఒకటి శనివారం.

గురువారం ఖాళీ అన్నాను కదా, దాన్ని విశ్రాంతి రోజు అనుకుని సినిమాకి టికెట్లు తీసుకోకండి. అది అట్టేపెట్టుకున్న రోజు. బుధవారం సాయంత్రం ఆఫీసులో ఆలస్యమైతే 5,000 గురువారానికి జరుగుతుంది, అప్పటికీ శనివారానికి మధ్యలో ఒక రోజు ఉంటుంది. ఇలా ఒక్క రోజైనా అట్టేపెట్టుకోని ప్లాన్ ఏదైనా సరే, పని వారంలో నిలబడదు. గురువారం కూడా కుదరకపోతే ఆ ఈవెంట్ వదిలేయండి. శుక్రవారం పొట్టివి రెండూ చేసి దానిమీద 5,000 కూడా లాగేద్దాం అనుకోకండి. అలా కలిపి లాగినవాళ్ళకి శనివారం నడుము లేవదు. నాలుగు ఈవెంట్లు శుభ్రంగా చేసిన మనిషి వచ్చే నెల కూడా మెషీన్ ఎక్కుతాడు.

రైల్లో తిరిగేవాళ్ళకి కొంచెం మార్పు. ఆదివారం 2,000 అలాగే ఉంటుంది. పొట్టివి రెండూ మంగళవారం సాయంత్రం, 5,000 గురువారం, 30 నిమిషాలు శనివారం. బుధవారం, శుక్రవారం అట్టేపెట్టుకున్నవి. 5,000 శుక్రవారానికి జరపాల్సి వస్తే 30 నిమిషాల ఈవెంట్ మర్నాడు ఆదివారానికి జరపండి, అందుకు గ్రూపు ముందే ఒప్పుకోవాలి. గంటకి పైగా కూర్చుని దిగిన మనిషి నడుము, తుంటి బిగుసుకుని ఉంటాయి. స్టేషన్ నుంచి నేరుగా మెషీన్ ఎక్కకండి, పది నిమిషాలు నడవండి.

కొన్ని జిమ్‌లలో ఈ ఐదూ శని, ఆదివారాల్లో రెండు రోజుల్లో చేయించేస్తారు. నిర్వాహకులకి అది సుఖం. చేసేవాళ్ళకి మాత్రం మూడో ఈవెంట్ నుంచి వచ్చే అంకెలు వాళ్ళ శక్తిని చూపించవు, అలసటని చూపిస్తాయి. ఏ వరసలోనైనా, ఎప్పుడైనా చేయండి అని వదిలేసే పద్ధతి ఇంకోటి ఉంది. అందులో అందరూ భయంతో 2,000ని చివరికి నెడతారు, శనివారం రాత్రి తొమ్మిదింటికి భోజనం చేసొచ్చి లాగుతారు. గ్రూపు నడిపేవాళ్ళు ఈ రెండింటికీ ఒప్పుకోవద్దని నా గట్టి మాట.

లాగే రోజు

రెండు గంటల ముందు ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి, కావాలంటే ఒక అరటిపండు. ఇడ్లీ, దోశ తర్వాత. పన్నెండు నిమిషాలు వార్మప్, అందులో మూడుసార్లు పదేసి లాగులు గట్టిగా. మానిటర్‌లో 'జస్ట్ రో' నొక్కకండి. 'సెలెక్ట్ వర్కవుట్', 'న్యూ వర్కవుట్', 'సింగిల్ డిస్టెన్స్' లోకి వెళ్ళి దూరం పెట్టండి. మొదటి లాగుతో గడియారం మొదలవుతుంది, దూరం అయిపోగానే దానంతటదే ఆగుతుంది, ఫలితం మెమరీలో తేదీతో ఉంటుంది. కాలం లెక్కన చేసేవాటికి 'సింగిల్ టైమ్'.

2,000లో మొదటి అయిదారు లాగులు గట్టిగా లాగి చక్రాన్ని లేపండి, 200 మీటర్లు దాటేసరికి రాసుకున్న స్ప్లిట్‌కి వచ్చేయండి. ఒళ్ళు తేలిగ్గా ఉంది కదా అని 2:05 మీద ఉండిపోవద్దు. కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. 2:15కి సుమారు 142 వాట్లు చాలు, 2:05కి 179 కావాలి. స్ప్లిట్ పది సెకన్లు తగ్గించాలంటే 26 శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. మొదటి 500లో అలా ఖర్చుపెట్టినవాళ్ళు 1,200 దగ్గర 2:30కి పడిపోతారు, అక్కడి నుంచి లేవడం ఉండదు. చివరి 300లో మిగిలిందంతా పెట్టండి. అయిపోగానే దిగకండి, అయిదు నిమిషాలు నెమ్మదిగా లాగండి.

30 నిమిషాలకి ఎదురుగా ఫ్యాన్, పక్కన నీళ్ళు ఉండాలి. మన తీరపు ఉక్కలో అవి లేకుండా కూర్చోవద్దు.

మార్కులు

ఒక్కో ఈవెంట్‌కి స్థానాన్ని బట్టి మార్కులు వేస్తే సరిపోతుంది. ఆరుగురుంటే మొదటివాళ్ళకి 6, చివరివాళ్ళకి 1, చేయనివాళ్ళకి సున్నా. కానీ ముందు బరువు సర్దుబాటు చేయాలి, లేకపోతే భారీ మనుషులే ప్రతిసారీ గెలుస్తారు. బరువుని 122.5 కిలోలతో భాగించి 0.222 ఘాతానికి పెంచండి, ఫోన్లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు. వచ్చిన అంకెతో మీ సమయాన్ని గుణించాలి. 60 కిలోలవాళ్ళకి అది 0.8535, 80 కిలోలవాళ్ళకి 0.9097. 60 కిలోల మనిషి 9 నిమిషాలు 7:41 అవుతుంది, 80 కిలోల మనిషి 8:30 తగ్గి 7:44 అవుతుంది. మొదటివాళ్ళదే పైచేయి. నిమిషం, 30 నిమిషాల ఈవెంట్లకి దూరాన్ని ఆ అంకెతో భాగించాలి. బరువు ఆదివారం ఉదయం అందరి ముందూ ఒకే కాటా మీద తీసుకోండి. ఫలితం కింద మెమరీ స్క్రీన్ ఫొటో లేకపోతే లెక్కలోకి తీసుకోకండి.

లాగడం అయ్యాక హ్యాండిల్‌ని కొక్కేనికి తగిలించి వెళ్ళిపోకండి. గొలుసు పూర్తిగా లోపలికి పోయి హ్యాండిల్ ఫ్యాన్ గూటికి ఆనేదాకా వదలండి. కొక్కేనికే ఉంచేస్తే లోపలి రబ్బరు తాడు సాగిపోతుంది, మీ తర్వాత కూర్చునేవాళ్ళకి హ్యాండిల్ వెనక్కి సరిగా పోదు. సీటు జారే పట్టీని తడిగుడ్డతో తుడిచి, తర్వాతి మనిషికి ఇవ్వండి.