ప్లాసెంటేషన్ వంటింట్లోనే వచ్చేస్తుంది

ఇంటర్ బైపీసీలో చేరిన పిల్లలకు ఒక మాట. బోటనీలో ప్లాసెంటేషన్ రకాలు, అంటే పువ్వు అండాశయంలో అండాలు (తర్వాత విత్తనాలయ్యేవి) అమరి ఉండే తీరులు, బట్టీ కొట్టకండి. మా తిరుపతిలో రైతుబజారుకు వెళ్లినప్పుడు నాలుగు టమాటాలు, గుప్పెడు పచ్చిబఠానీలు, రెండు బంతిపూలు తెచ్చుకోండి, చాలు.

టమాటాను అడ్డంగా కోయండి. గదుల్లాగా విడిపోయి, విత్తనాలు నడిమి ఇరుసును పట్టుకుని ఉంటాయి. అదే ఆక్సైల్. నిమ్మకాయా అంతే. బఠానీ కాయను నిలువునా విప్పితే గింజలన్నీ ఒకే అంచున వరుసగా వేలాడతాయి, అది మార్జినల్. బంతిపూవులో మనం రేక అనుకుని పీకేది నిజానికి ఒక పువ్వు. దాని అడుగున ఒక్కటే అండం ఉంటుంది, అది బేసల్.

కోసిన వెంటనే పెన్సిల్ తీసి బొమ్మ గీయండి, భాగాల పేర్లు రాయండి. మర్నాడు పొద్దున పుస్తకం తెరవకుండా మళ్లీ గీయండి. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడే చదవాలి. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, కాబట్టి ఈ శ్రమ ఇంటర్, నీట్ రెండు పరీక్షలకూ పనికొస్తుంది. టమాటా ముక్కలు పారేయకండి, అమ్మకిస్తే పప్పులో వేస్తుంది.