అమ్మేసిన బస్తా లిస్టులోంచి పోలేదు

పలాసలో మా మావయ్య జీడిపిక్కల వ్యాపారం. సెలవుల్లో బస్తాల లెక్కకి జావాలో చిన్న ప్రోగ్రామ్ రాసిస్తానన్నాను. మొదట 50 గడుల అర్రే పెట్టాను, అంటే వరసగా 50 గడులు, ఒక్కో గడిలో ఒక్కో బస్తా బరువు. ఉద్దానం నుంచి 51వ బస్తా దిగిన రోజే ప్రోగ్రామ్ ఆగిపోయింది. అర్రే సైజు ఒకసారి పెడితే అంతే, పెరగదు. అవసరాన్ని బట్టి పెరిగే అర్రేలిస్ట్‌కి మార్చాను. నిజానికి దాని లోపలా అర్రేనే. నిండిపోతే సుమారు ఒకటిన్నర రెట్లు పెద్దది చేసుకుని, పాతవన్నీ అందులోకి ఎక్కించుకుంటుంది.

అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. అమ్ముడైన బస్తా బరువు సున్నా చేసి, ఆ సున్నాలని లూప్‌లో, అంటే గడులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ, తీసేస్తున్నాను. 80, 0, 0, 78 ఉన్న లిస్టు, తీసేశాక 80, 0, 78 అవుతోంది.

"అమ్మేసిన బస్తా ఇంకా ఎందుకు చూపిస్తోందిరా?" అన్నాడు మావయ్య.

రెండు రాత్రులు అన్నింటినీ అనుమానించాను, చివరికి కీబోర్డుని కూడా. కాగితం మీద గడులు గీసుకుంటే దొరికింది. ఇండెక్స్ అంటే గడి నంబరు, 0 నుంచి మొదలవుతుంది. ఇండెక్స్ 1లో సున్నా తీయగానే వెనకున్న సున్నా జరిగి ఆ 1లోనే కూర్చుంటోంది. లూప్ మాత్రం దాన్ని చూడకుండా 2కి వెళ్లిపోతోంది. లూప్‌ని చివరి నుంచి మొదటికి తిప్పాను, సరిపోయింది. షరతుకి సరిపోయినవన్నీ తీసేసే, జావా 8 నుంచి ఉన్న రిమూవ్‌ఇఫ్‌తో ఒక్క లైనులో అయిపోయేదని తర్వాత తెలిసింది.

ఇంకోటి, ఇంటీజర్ల (పూర్ణసంఖ్యల) లిస్టులో, తీసేసే కమాండ్ రిమూవ్‌కి నేరుగా 80 ఇస్తే, 80 కిలోల బస్తాని కాదు, ఇండెక్స్ 80లో ఉన్నదాన్ని తీస్తుంది. దీని వల్ల ఏ బస్తా మాయమైందో మావయ్యకి ఇంకా చెప్పలేదు.