పడవ ప్రమాదంలో గాయపడినవారికి తర్వాతి వైద్యం: లంక గ్రామాలవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ, వైనతేయల మీద పడవ బోల్తా పడినా, పంటుకూ (మనుషులనూ వాహనాలనూ ఏరు దాటించే బల్లకట్టు) రేవు గట్టుకూ మధ్య కాలు నలిగినా, ఇంజిన్ ప్రొపెల్లర్ రెక్క తగిలి పిక్క చీరుకుపోయినా, మొదటి రోజు వైద్యం ఏదో విధంగా అందుతుంది. 108 వాహనం వస్తుంది, కుట్లు పడతాయి, ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ వేస్తారు. అశ్రద్ధ జరిగేది ఆ తర్వాతి మూడు నాలుగు వారాల్లోనే. కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ ఏరు దాటవలసిన లంకవాసులు నొప్పి తగ్గగానే వెళ్ళడం మానేస్తారు. అయితే ఏటి నీటిలో అయిన గాయాన్ని ఇంట్లో కత్తిపీటకు తెగిన గాయంలా చూడకూడదు.

వైద్యునికి మొట్టమొదట చెప్పవలసింది గాయం ఏ నీళ్ళలో తడిసిందనే సంగతి. ఎగువ మంచినీటిలో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి, ఉప్పు కలిసిన నీటిలో విబ్రియో జాతి సూక్ష్మజీవులు గాయంలోకి చేరే అవకాశం ఉంది. మామూలు దెబ్బలకు ఇచ్చే యాంటీబయాటిక్‌లు వీటికి చాలకపోవచ్చు. వేసవిలో ప్రవాహం సన్నగిల్లినప్పుడు సముద్రపు పోటు నీరు పాయల్లోకి ఎగదన్నుతుంది కనుక, “ఏట్లో పడ్డాడండి” అని ఊరుకోకుండా, కోటిపల్లి రేవు దగ్గరనో, అంతర్వేది వైపు పోటు వేళనో, రొయ్యల చెరువు మురుగు కలిసే చోటనో, స్థలమూ వేళా స్పష్టంగా చెప్పాలి. మధుమేహం, కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉంటే మొహమాటపడి దాచకూడదు. అలాంటివారికి విబ్రియో సోకితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. గాయం చుట్టూ ఎరుపు కనిపిస్తే దాని అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాయండి. ఎరుపు ఆ గీత దాటి పాకుతున్నా, పైకి కనిపించే దెబ్బకు మించిన నొప్పి ఉన్నా, నల్లబారిన బొబ్బలు లేచినా తెల్లవారే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి బయలుదేరాలి.

మట్టి చేరిన లోతైన గాయాన్ని వైద్యులు వెంటనే కుట్టకుండా కొన్ని రోజులు తెరిచి ఉంచుతారు. దీన్ని నిర్లక్ష్యంగా భావించి మరోచోట కుట్లు వేయించుకోవడం చీమును లోపల మూసిపెట్టడమే అవుతుంది. కుట్లు వేసిన చోట, ముఖం మీదివి సుమారు 5 రోజులకు, కాళ్ళూ చేతుల మీదివి 10 నుంచి 14 రోజులకు తీస్తారు. నీరు తగ్గిన రోజుల్లో పడవ ఎక్కాలంటే మోకాలి లోతు నీళ్ళలో నడవాలి కాబట్టి, కాలికి కట్టు ఉన్నవారు పాలిథీన్ కవరు తొడిగి పైన వదులుగా కట్టుకుని, అవతలి గట్టు చేరగానే విప్పేయాలి. అయినా తడిస్తే ఆ కట్టును ఆరబెట్టి ఉంచుకోకుండా మార్పించాలి. పసుపు, కాఫీపొడి అద్దవద్దు. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పత్యం పెట్టడమూ తగదు. గాయం మానడానికి ఆ మాంసకృత్తులే అవసరం.

నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరైన మనిషి ఒడ్డున లేచి మాట్లాడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. దగ్గు, ఆయాసం, మగత ఉంటే ఆస్పత్రిలో కొన్ని గంటలు ఆక్సిజన్ శాతం చూస్తూ ఉంచాలి. ఇంటికి వచ్చిన వారంలోపు జ్వరంతో కఫం పడినా, ఛాతీ నొప్పి వచ్చినా న్యుమోనియా అని అనుమానించి ఎక్స్‌రే తీయించాలి. నీటితోపాటు డీజిల్ మింగి ఉంటే ఆ మాట విడిగా చెప్పండి.

పక్కటెముకలు విరిగితే ఛాతీకి గట్టిగా గుడ్డ చుట్టకూడదు. నొప్పి మాత్ర వేసుకుని గంటకోసారి లోతుగా ఊపిరి తీయాలి. తలకు దెబ్బ తగిలిన వృద్ధుల విషయంలో, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారిలో, కొన్ని వారాల తర్వాత కూడా తలనొప్పి, తడబాటు, మతిమరుపు మొదలుకావచ్చు. ఇంట్లోవారు దాన్ని వయసు మీద నెట్టేస్తారు, అది పొరపాటు, స్కాన్ అవసరం.

ప్రమాదం జరిగిన నెల రోజుల లోపు వచ్చే ఏ జ్వరాన్నీ దానితో సంబంధం లేనిదిగా చూడకండి. జ్వరంతో పిక్కల నొప్పులు, కళ్ళ ఎరుపు, పచ్చకామెర్లు ఉంటే ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో తగ్గని జ్వరం, గడ్డలు, దగ్గు కనిపిస్తే బురదమట్టిలో ఉండే సూక్ష్మజీవి వల్ల వచ్చే మెలియోయిడోసిస్‌ను కూడా అనుమానించాలి. దీన్ని క్షయగా పొరబడే వీలుంది కనుక కల్చర్ పరీక్ష (రక్తం, చీము వంటి వాటిలోని సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్ష) అడగండి.

నీళ్ళ చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్రపట్టకపోవడం నెల దాటినా పోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, మెడికో లీగల్ నమోదు (ప్రమాద గాయాన్ని పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసుకునే నమోదు) నకలు ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంచి ప్రతిసారీ వెంట తీసుకువెళ్ళండి. పరిహారం కోరేటప్పుడు అడిగేవి కూడా ఇవే.