ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలిందా? స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఇవి చూసుకోండి

మా అక్క కొడుకు కీబోర్డు మీద ఇయర్‌బడ్ మర్చిపోయి ల్యాప్‌టాప్ మూత వేశాడు. టప్‌మని చిన్న చప్పుడు, అంతే. తెరిచి చూస్తే కుడి మూల నుంచి సాలెగూడులా బీటలు, మధ్యలో సిరా ఒలికినట్టు నల్ల మచ్చ. "వీడియో చూశాను మావయ్యా, పది నిమిషాల పనే. మనమే మార్చేద్దాం" అన్నాడు. అమలాపురంలో అప్పటికి మూడు రోజులుగా ముసురు. ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టమన్నాను.

వాడన్నది పూర్తిగా తప్పు కాదు. మామూలు ల్యాప్‌టాప్‌కి స్క్రీన్ మార్చడం అరగంట, ముప్పావుగంట పని. కానీ నేను మొదటిసారి చేసినప్పుడు బ్యాటరీ వైరు తీయకుండానే కొత్త ప్యానెల్‌కి, అంటే బొమ్మ కనిపించే తెర పలకకి, కేబుల్ తగిలించాను. పవర్ బటన్ ఆపే ఉంది కదా అనుకున్నాను. కేబుల్ కాస్త వంకరగా కూర్చుంది. ఆన్ చేస్తే తెర చీకటి. టార్చి కొట్టి చూస్తే లోపల బొమ్మ మసకగా కనిపిస్తోంది. అంటే ప్యానెల్ బాగానే ఉంది, తెరని వెనక నుంచి వెలిగించే బ్యాక్‌లైట్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజు పోయింది. మదర్‌బోర్డు మీద ఆవగింజంత ఉంటుందది. దాన్ని మార్పించడానికి రాజమండ్రి దాకా మోసుకెళ్లాను. ల్యాప్‌టాప్ ఆపేసినా బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ లోపల కరెంటు ఉన్నట్టే. ఈ ఒక్కటి మర్చిపోకపోతే సగం ప్రమాదం తప్పినట్టే.

ఇంతకీ పోయింది స్క్రీనేనా? హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లో టీవీకి తగిలించి, విండోస్ బటన్‌తో పాటు పీ నొక్కండి. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే లోపల బొమ్మ తయారుచేసే భాగం క్షేమం. అక్కడా గీతలే వస్తే కొత్త ప్యానెల్ కొన్నా డబ్బు దండగ. బీటలేమీ లేకుండా, మూత కదిపినప్పుడల్లా గీతలు వచ్చిపోతుంటే అది కేబుల్ లోపం కావచ్చు. నల్ల మచ్చ మాత్రం రెండు అద్దాల మధ్య ద్రవం చెదిరిందనడానికి గుర్తు. అది మానదు, రోజురోజుకీ పాకుతుంది. టీవీ తగిలించి ఉండగానే ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసుకోండి. మంచం మీద నుంచి పడిన ల్యాప్‌టాప్ అయితే ఈ పని అస్సలు వాయిదా వేయకండి. ఆ దెబ్బ హార్డ్‌డిస్క్‌కీ తగిలి ఉండొచ్చు.

కొన్నింటిని ఇంట్లో ముట్టుకోవద్దు. పైఅద్దం, ప్యానెల్ కలిపి అతికించేసిన టచ్ స్క్రీన్లు, మ్యాక్‌బుక్‌లు మెకానిక్‌కే ఇవ్వండి. అడుగు భాగం కాస్త ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. చార్జింగ్ ఆపేసి, దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా షాపుకు తీసుకెళ్లండి. ఎప్పుడైనా పొగ గాని, తియ్యటి ఘాటు వాసన గాని వస్తే ల్యాప్‌టాప్ సంగతి వదిలేసి అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

ప్యానెల్ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయి. పాతది కింద చెప్పిన జాగ్రత్తలతోనే ఊడదీసి, వెనక స్టిక్కర్ మీదున్న నంబరు ఫొటో తీసుకోండి. ఎన్‌వీ156, బీ156, ఎల్‌పీ156 లాంటి అక్షరాలతో మొదలవుతుంది. 156 అంటే 15.6 అంగుళాలు, 140 అంటే 14. పొడవుగా ఉందని విసుక్కోకుండా చివరి అక్షరం దాకా సరిచూడండి. కేబుల్ తగిలించే కనెక్టర్‌లో 30 పిన్నులా, 40 పిన్నులా అన్నదీ, స్క్రూ బిగించే చెవులు పక్కన ఉన్నాయా లేదా అన్నదీ చూడాలి. మావాడికి 30 పిన్నులది కావాలి. షాపాయన 40ది ఇచ్చి "అడ్జస్ట్ అయిపోద్దండి" అన్నాడు. అవ్వదు.

ఇక మన ఊళ్ల సంగతి. ముసురు రోజుల్లో గోడలే చెమర్చుతుంటే విప్పిన ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీద వదలొద్దు. రాత్రి లైటు కింద అసలు కూర్చోకండి. వరి చేల మీద నుంచి దీపపు పురుగులు వచ్చి నేరుగా తెర మీదే వాలతాయి. ఫ్రేమ్ బిగించేశాక లోపల ఒకటి కనబడితే ఆ బాధ చెప్పలేం. ఫ్యాన్ వేస్తే దుమ్ము ఎగిరి ప్యానెల్ కిందికి పోతుంది, ఆపితే ఉక్కపోత. చెమట చుక్క కనెక్టర్ మీద పడితే ఆ ఉప్పు పిన్నుల్ని తినేస్తుంది. నేనైతే తలకి తువ్వాలు కట్టుకుని పొద్దున్నే, పిల్లలు లేవకముందే మొదలుపెడతాను. ఏసీ గదిలోంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌ను వెంటనే విప్పకండి, బయటి తేమ దాని మీద నీరుగా పడుతుంది. గంటసేపు ఆగండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక, అంటే గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటిందన్న వార్త వస్తే లంక గ్రామాల వాళ్లు ఈ పనే పెట్టుకోకండి. కరెంటు ఎప్పుడు తీస్తారో తెలియదు, సామాను ఎప్పుడు సర్దాల్సి వస్తుందో తెలియదు. అప్పుడు స్క్రూలు విడివిడిగా పడి ఉంటే ఏం చేస్తారు?

పని మొదలుపెట్టే ముందు పగిలిన తెర మీద వెడల్పాటి సెల్లోటేపు అడ్డంగా, నిలువుగా అంటించేయండి. అద్దం పెంకులు టేపుకే ఉండిపోతాయి. కళ్లజోడు, చేతులకు గ్లవ్స్ ఉండాలి. కింద పాత దుప్పటి కాకుండా న్యూస్‌పేపర్ పరవండి. దుప్పట్లో దూరిన పెంకు వారం తర్వాత ఎవరికో గుచ్చుకుంటుంది. లోపలి ద్రవం చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు నలపకూడదు.

చార్జర్ పీకి, అడుగు మూత స్క్రూలు తీసి, బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా లాగండి. తర్వాత పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు కూడా పోతుంది. స్క్రూలకి కోడిగుడ్ల అట్టను మించింది లేదు. ఏ మూలవి ఆ గుంటలో వేయండి. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే బోర్డు పగలొచ్చు.

తెర చుట్టూ ఉన్న ఫ్రేమ్‌ను పాత సిమ్ కార్డు అట్ట లాంటి పల్చటి ప్లాస్టిక్‌తో విప్పాలి, కత్తితో కాదు. ప్యానెల్ కింద సాగే జిగురు టేపులు ఉంటే మెలితిప్పకుండా, నిదానంగా, అడ్డంగా లాగాలి. కేబుల్ మీద టేపు తీసి, చిన్న కమ్మీ ఉంటే దాన్ని ఎత్తి, ప్యానెల్‌కు ఆనించినట్టే ఉంచి, కనెక్టర్‌లోంచి తిన్నగా వెనక్కి జరపండి. పైకి పీకితే విరుగుతుంది. కొత్తది కూర్చోబెట్టేటప్పుడు రెండు వైపులా సమానంగా ఉందో లేదో టార్చి వేసి చూడండి, నా ఫ్యూజు గుర్తుంది కదా. మధ్యలో ఎక్కడా వేలితో నొక్కకండి.

ఫ్రేమ్ బిగించకముందే, పైన రక్షణ పొర తీయకముందే బ్యాటరీ తగిలించి ఒకసారి వెలిగించి చూసుకోండి. పొర తీసేసిన ప్యానెల్‌ను చాలామంది అమ్మేవాళ్లు వెనక్కి తీసుకోరు. బాగుంటే ఆపి, మళ్లీ బ్యాటరీ తీసి అప్పుడు బిగించండి. కీళ్లు బిగుసుకుపోయి ఉంటే అవి కూడా చూపించుకోండి, లేకపోతే మూత తెరిచినప్పుడల్లా ఆ ఒత్తిడి కొత్త తెర మీదే పడుతుంది.

పగిలిన ప్యానెల్‌ను పంట కాలువలోనో, గట్టు మీదో పారేయకండి, అక్కడ పిల్లలు, కూలీలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. మరీ పాత ల్యాప్‌టాప్‌ల తెరల్లోని ట్యూబుల్లో పాదరసం కూడా ఉంటుంది. అట్టల మధ్య పెట్టి టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే షాపులో ఇచ్చేయండి. మావాడు మాత్రం స్టిక్కర్ ఉన్న భాగం కోసం దాన్ని ఇంకా అటక మీద దాచాడు. నంబరు మర్చిపోతాడట.