గాలి సెన్సర్‌లో సాలీడు

మేడ మీద పిట్టగోడకి తగిలించిన గాలి సెన్సర్‌లో వారం రోజులుగా పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని దుమ్ము) అంకె 400కి తగ్గట్లేదు. అదీ విజయనగరంలో, వాన వెలిసి ఊరంతా కడిగినట్టున్న మధ్యాహ్నం! కోడ్ మార్చాను, వైర్లు మార్చాను, కొత్తది కొనేద్దామనుకున్నాను. చివరికి టార్చి వేసి చూస్తే గాలి లాగే రంధ్రంలో చిన్న సాలీడు, దాని గూడు.

పీఎంఎస్ 5003 లాంటి సెన్సర్లు లేజర్ వెలుతురుతో దుమ్ము లెక్కపెడతాయి. ఆ వెలుతురుకి గూడు పోగు అడ్డం పడినా దుమ్మనే అనుకుంటాయి. ముందు పవర్ తీసేయండి. పోగుల్ని సన్న పట్టకారుతో మెల్లగా లాగి, కెమెరా లెన్సుకి వాడే రబ్బరు బుడ్డితో పదిసార్లు గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. మళ్ళీ ఆన్ చేశాక కనీసం 30 సెకన్లు ఆగి అంకె చూడండి.

ఇప్పుడు దాన్ని 3 అంగుళాల పీవీసీ ఎల్బోలో, మూతి నేలవైపు ఉండేలా పెట్టాను. మూతికి నైలాన్ దోమతెర ఒక్క పొర. గుడ్డ కడితే దుమ్ము కూడా ఆగిపోయి అంకె తప్పుగా తగ్గుతుంది. తెరని నెలకోసారి దులపాలి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మాత్రం ఈ చిట్కా పనిచేయదు. పొగమంచు బిందువుల్ని కూడా సెన్సర్ దుమ్ము కిందే లెక్కేస్తుంది (భోగి మంటల పొగైతే నిజం లెక్కే అనుకోండి). ఎండెక్కాక అంకె దానంతటదే దిగితే సెన్సర్‌ని విప్పకండి.